ఇరవై రెండడుగుల గోడ

చోడవరం,
10 సెప్టెంబరు 2023.

అమ్మా సంధ్యా,

నీ ఉత్తరం బుధవారం అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి సంగతుల కోసం, రెండోసారి నువ్వు చూసిన బొమ్మల కోసం, మూడోసారి నీ చేతిరాత ఎంత పాడయిందో చూడడానికి. నీ 'ళ'కి మెలిక తగ్గిపోయింది. 'ఖ' దగ్గర తొందరపడుతున్నావు. హైదరాబాదులో ఆర్ట్ గ్యాలరీలో ఉద్యోగం చేసే పిల్ల, అందులోనూ బోర్డు పెయింటరు రమణమూర్తి మేనకోడలు, ఇలా రాయకూడదు.

సోమవారం విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లి చూపించుకున్నాం. గొంతు తీసేసి రెండేళ్లయింది కదా, జబ్బు మళ్లీ ఎక్కడా కనిపించలేదన్నారు. మెడ మీద చిల్లుతో గాలి పీల్చడం అలవాటైపోయింది. మాట లేకపోవడమే ఇంకా అలవాటు కాలేదు. మీ అత్తతో పలక మీద రాసి మాట్లాడుతున్నాను. నువ్వేమో ఫోనులో టైపు చేసి పంపమంటావు. నలభై ఏళ్లు ఈ ఊళ్లో బ్రష్షు పట్టుకుని బతికినవాణ్ణి. అందరికీ ఒకే మూసలో పడే అక్షరాలతో నీకు రాయాలనిపించదు. ఉత్తరానికి ఆరు రోజులు పడితే పట్టనీ.

మీ గ్యాలరీలో ఒకావిడ చేసిందని నువ్వు రాసిన ఆ నీలం గది గురించి చాలా ఆలోచించాను. పైకప్పుతో సహా గదంతా నీలి బట్ట కట్టి, చెప్పులు విప్పి లోపల నడవమందా ఆవిడ? గోడకి ఒక్క బొమ్మైనా లేదా? అయితే నువ్వు బయటికొచ్చాక ఎండ మరీ పచ్చగా కనిపించి ఉండాలి. నీలం ఎక్కువసేపు చూస్తే కంటికి అలాగే అవుతుంది. కనిపించిందో లేదో రాయి. కనిపిస్తే ఆవిడ గట్టి మనిషి. ఆవిడ వేసిన బొమ్మ నువ్వు వీధిలోకి వచ్చాక మొదలైందన్నమాట.

కాఫీ మీద పాల నురగతో ఆకు గీసిచ్చే కొట్టు సంగతి మీ అత్తకి రాసి చూపించాను. "తాగేస్తే పోద్ది గదా, అంత కష్టం ఎందుకంట" అంది. కానీ ఆ ఆకు చెదరకుండా ఎలా నిలబడుతుందని సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది.

ఇంకా రాయి. చీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకొచ్చే ఆడవాళ్ల గురించి రాయి. ఏ రంగు చీర మీద ఏ రంగు బూట్లో కూడా రాయి. ఇక్కడ కొట్లన్నిటికీ ఫ్లెక్సీలే. అన్నిటికీ అదే ఎరుపు, అదే పసుపు. కళ్లకి ఆకలిగా ఉంటోంది.

మీ మావయ్య,
రమణమూర్తి


హైదరాబాదు,
3 అక్టోబరు 2023.

మావయ్యా,

ఎండ పచ్చగానే కనిపించింది. నువ్వు అడిగేదాకా నేను ఆ సంగతి పట్టించుకోలేదు. ఆ కళాకారిణి ఫోను చేసినప్పుడు నువ్వు రాసిన మాట చెప్పాను. "ఇన్ని పత్రికల వాళ్లు వచ్చారు, ఆ మాట ఒక్కరూ అనలేదు" అంది.

ఇప్పుడు అసలు సంగతి. హాస్టల్లో ఉత్తరాలు సరిగ్గా చేతికి రావని నువ్వు గ్యాలరీ అడ్రసుకే రాస్తావు కదా. నీ కవరు నా బల్ల మీద ఉంటే దిలీప్‌గారు చూశారు. మా దగ్గర ఏ ప్రదర్శన పెట్టాలి, ఏ గోడ మీద ఏముండాలి, వెలుతురు ఎటునుంచి పడాలి, అన్నీ నిర్ణయించేది ఆయనే. కవరు మీద నా పేరుకి నువ్వు నీడ వేశావు చూడు, దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూశారు. చేత్తో రాసిందంటే నమ్మలేదు. వేలితో తడిమాక నమ్మారు.

డిసెంబరు ఆఖర్లో వీధుల్లో కనబడే అక్షరాల మీద ప్రదర్శన పెడుతున్నాం. నలుగురు కళాకారులు. హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా ఉండే గోడ నీకిస్తామంటున్నారు. పొడవు ఇరవై రెండడుగులు, ఎత్తు పది. నీ ఇష్టం వచ్చింది రాయొచ్చు. ఎవరూ మార్చమనరు.

వస్తావు కదూ? నీకు నా ఊరు చూపిస్తాను. ఆదివారాలు మేము ఒక గ్యాలరీ నుంచి ఇంకో గ్యాలరీకి నడుచుకుంటూ వెళ్తాం. ఇక్కడ జనం చూడ్డానికి తయారై వస్తారు మావయ్యా. బొమ్మల్ని చూడ్డానికీ, ఒకళ్లనొకళ్లు చూసుకోడానికీ. మొన్న ఒకావిడ ఆవపిండి రంగు నేతచీర మీద తెల్ల బూట్లు వేసుకొచ్చింది. జడకి వెండి గంటలు కట్టింది. నడుస్తుంటే బొమ్మలు చూసేవాళ్లందరూ వెనక్కి తిరిగారు. నాకు అదంతా ఇష్టం. అమ్మకి చెప్తే డబ్బున్నవాళ్ల వేషాలంటుంది. నీకు చెప్తే రంగులు అడుగుతావు. అందుకే నీకు రాస్తాను.

అత్తని కూడా తీసుకురా.

నీ సంధ్య


చోడవరం,
12 నవంబరు 2023.

అమ్మా సంధ్యా,

వస్తాను. జవాబు ఆలస్యం చేసింది బింకంతో కాదు. చెయ్యి ఎలా ఉందో చూసుకున్నాను. పాత రేకు ఒకటి తుడిచి, దారంతో గీతలు కొట్టి, వరసగా అక్షరాలు రాశాను. మొదటి రోజు 'శ్రీ' వంకర పోయింది. పదో రోజుకి మాట విన్నది.

ఏం రాయాలో కూడా అనుకున్నాను. నేను బోర్డు రాసిన కొట్లలో ఇప్పుడు లేనివాటి పేర్లన్నీ రాస్తాను. గౌరీ రేడియో హౌస్. పైడితల్లి క్లాత్ స్టోర్స్. బస్సు స్టాండు ఎదురుగా ఉండే స్నేహ ఫోటో స్టూడియో. ఇంకా యాభై దాకా గుర్తున్నాయి. ఏ బోర్డు ఏ రంగులో రాశానో అదే రంగులో రాస్తాను.

మీ అత్త రాదట. "నానెందుకు, నాకేటి తెలుసు ఆ బొమ్మలు" అంటోంది. మాడుగుల హల్వా మాత్రం కట్టి ఇస్తానంది. మీ దిలీప్‌గారు తింటారా?

బ్రష్షులు నావి నేను తెచ్చుకుంటాను. ఎనామిల్ రంగులు అక్కడ కొనండి.

మావయ్య


చోడవరం,
7 జనవరి 2024.

అమ్మా సంధ్యా,

క్షేమంగా చేరాను. వచ్చి వారమైనా ఇంకా కళ్లు ఇక్కడికి రాలేదు.

ముందు సంతోషాలు రాస్తాను. ఆ ఆరు రోజులు నిచ్చెన మీద నేనున్నంత సుఖంగా ఈ మధ్య ఎవరూ ఉండి ఉండరు. నాకు మాట రాదని అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. అక్కడున్నవాళ్లు ఎలాగూ తక్కువే మాట్లాడుకుంటున్నారు. పక్క గదిలో ఇనప ఊచలతో 'అ' ఒక్కటే పది రకాలుగా వంచిన కుర్రాడి పని చూశావా? దాని నీడలు గోడ మీద పడితే అవే అసలు అక్షరాల్లా ఉన్నాయి. రెండు పూటలా వెళ్లి చూసేవాణ్ణి. పొద్దుటి నీడ వేరు, మధ్యాహ్నం నీడ వేరు. నువ్వు తీసుకెళ్లిన కాఫీ కొట్టు కూడా బాగుంది. సిమెంటు నేలకి అంత అందం ఉంటుందని నాకు తెలీదు. ఆకు గీసిన కప్పు తాగలేక చాలాసేపు పట్టుకు కూర్చున్నాను, నువ్వు నవ్వావు.

మీ గార్డు సత్యారావుది మన వైపు రోలుగుంటేనట. రోజూ వచ్చి పక్కన నిలబడి ఒక్కొక్క పేరూ పైకి చదివేవాడు. "బాబూ, ఈ రేడియో కొట్లోనే మా నాన్న రేడియో కొన్నాడు" అన్నాడు ఒకరోజు. నిచ్చెన దిగి వాడి భుజం తట్టాను. అంతకంటే ఏం చెయ్యగలను?

ప్రారంభం రోజు వచ్చిన పెద్దవాళ్లు చాలా మెచ్చుకున్నారు. వంపుల గురించి, నీడల గురించి మాట్లాడారు. అక్షరాల్ని చూశారు గాని, సత్యారావు తప్ప ఎవరూ చదివినట్టు లేదు.

ఇంకొక మాట ఉంది. రాయాలా వద్దా అని మూడు రోజులు చూశాను. నువ్వు కూడా చివరిదాకా చదివి ఉండవు. కుడివైపు అట్టడుగున, నేలకి జానెడు ఎత్తులో ఒక పేరు ఉంది. అది లేకుండా పోయిన కొట్టు కాదు. అసలు పుట్టని కొట్టు.

రెండువేల నాలుగు ఎన్నికలు నీకు గుర్తుండవు. నీకు తొమ్మిదేళ్లు, మా చిన్నారికీ తొమ్మిదేళ్లే. మీ ఊరు బుచ్చయ్యపేట నుంచి తెచ్చి నిన్ను మా ఇంట్లో పెట్టి ఇక్కడ బడికి పంపేవారు. మీరిద్దరూ అరుగు మీద కొట్టు పెట్టారు. చింతగింజలు, అగ్గిపెట్టె బొమ్మలు, విరిగిన గాజులు అమ్మేవారు. దానికి బోర్డు కావాలని చిన్నారి అడిగింది. నేను పార్టీల వాళ్లకి గోడలు రాస్తూ ఊళ్లు తిరుగుతున్నాను. రేపు రాస్తానమ్మా, రేపు రాస్తానమ్మా అన్నాను. దానికి జ్వరం వచ్చిందని కబురొచ్చేసరికి మాడుగులలో గోడ మీద ఉన్నాను. ఈ ఒక్క గోడ పూర్తిచేసి వెళ్దామనుకున్నాను. మూడో రోజుకి పిల్ల లేదు.

మీ అత్త దాని గౌన్లు, పుస్తకాలు అన్నీ ఇచ్చేసింది. ఇరవై ఏళ్లలో దాని పేరు ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. నేనూ ఎక్కడా రాయలేదు. ఆ పేరుతో బోర్డు రాయమని ఎవరైనా వస్తే చెయ్యి బాగోలేదని పంపేసేవాణ్ణి. మీ గోడ మీద చోటు మిగిలింది. రాశాను.

చివరికి చిన్న సంగతి. ప్రారంభం రోజు అందరికీ నన్ను "చోడవరం నుంచి వచ్చిన మాస్టారు" అని చెప్పావు. మావయ్య అనలేదు. మెడకి చుట్టుకోమని నల్ల కండువా ఇచ్చావు. బాగుంది. చిల్లు కనబడకుండా చుట్టుకున్నాను. అంతమంది మధ్య అది కనబడితే నీకు ఇబ్బందే, నాకు అర్థమైంది.

రమణమూర్తి


హైదరాబాదు,
30 జనవరి 2024.

మావయ్యా,

నీ ఉత్తరం చదివి హాల్లోకి వెళ్లి నేల మీద కూర్చున్నాను. కూర్చుంటే తప్ప ఆ పేరు కనపడదు. చిన్నారి బొమ్మల కొట్టు. చిలకపచ్చ మీద ఎర్రటి అక్షరాలు, వాటికి తెల్ల అంచు. ఆ గోడ ముందునుంచి రోజుకి ముప్పైసార్లు నడుస్తాను మావయ్యా. వచ్చినవాళ్లకి నీ అక్షరాల గురించి అరగంట చెప్తాను. ఆ మూల దాకా ఒక్కసారీ చదవలేదు.

నాకు అది గుర్తుంది. ఎన్నికలు గుర్తులేవు గాని కొట్టు గుర్తుంది. అది యజమాని, నేను గుమస్తా. తర్వాత నన్ను అమ్మ వచ్చి తీసుకుపోయింది, మళ్లీ మీ ఇంటి దగ్గర బడికి పంపలేదు. ఎందుకని అడిగితే అత్త నన్ను చూడలేకపోతోందంది. అదీ గుర్తుంది.

ఎక్కువ రాయలేకపోతున్నాను. ప్రదర్శన బాగా నడుస్తోంది, పొడిగించారు. మిగతావాళ్ల పనులు కొన్ని ఈ వారమే వెనక్కి వెళ్లిపోతున్నాయి. నీ గోడ మాత్రం ఉంటుంది, దిగులు పడకు.

మార్చి ఆఖర్లో నన్ను బెంగళూరు పంపుతున్నారు. ప్రదర్శనలు ఎలా అమర్చాలో నాలుగు వారాలు నేర్పుతారట. చాలామంది అడిగితే నన్ను తీసుకున్నారు. నీకు చెప్పాలనిపించింది. ఈ ఉత్తరంలో చెప్పొచ్చో లేదో తెలీదు.

సంధ్య


చోడవరం,
19 మార్చి 2024.

అమ్మా సంధ్యా,

బెంగళూరు వెళ్లడం మంచి మాట. ఏ ఉత్తరంలోనైనా చెప్పొచ్చు.

ఇక్కడొక సంగతి జరిగింది. గోడ ఉంటుందని నువ్వు రాశాక నాకు ధైర్యం వచ్చింది. నేను రాసిన గోడల్లో ఎప్పటికీ ఉండేది అదొక్కటే. మీ అత్తకి పలక మీద రాసి చూపించాను, హైదరాబాదులో ఆ గోడ మీద మన పిల్ల పేరు రాశానని. పలక నా చేతిలోంచి తీసుకుని చెంగుతో తుడిచేసింది. ఆ రోజు వంట చెయ్యలేదు. మర్నాటి నుంచి మామూలుగా ఉంది. తప్పు చేశానేమో అనుకున్నాను.

నిన్న బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అడిగింది. "ఎంతెంత అచ్చరాలు రాసేరు?"

చేత్తో చూపించాను, బెత్తెడని.

"నన్నొకపాలి అక్కడికి తీసుకెల్తారా" అంది.

ఇరవై ఏళ్లలో ఆవిడ నన్ను అడిగింది ఇదొక్కటే. ఉగాదికి ముందే వస్తాం. నువ్వు పనుల్లో ఉంటావు, స్టేషనుకి రానక్కర్లేదు. గ్యాలరీ దారి నాకు తెలుసు. నువ్వు అప్పటికి బెంగళూరులో ఉన్నా మరేం ఫరవాలేదు. మాకు పని గోడతోనే.

మావయ్య


బెంగళూరు,
3 ఏప్రిల్ 2024.

మావయ్యా,

హాస్టల్ గదిలో నా పక్క మంచం ఖాళీ. కిటికీ బయట ఒక చెట్టునిండా గులాబీ రంగు పూలు, ఆకులే లేవు. నువ్వుంటే దానికి ఏ రంగులో ఏ రంగు కలపాలో చెప్పేవాడివి.

ఇక్కడ నిన్న ఒక ప్రదర్శనకి తీసుకెళ్లారు. పాత మిల్లు భవనం. గోడలు అలాగే పెచ్చులూడి ఉన్నాయి. మధ్యలో మంచుదిమ్మలు పేర్చి వాటిలో ఉత్తరాలు గడ్డకట్టించారు. కరిగేకొద్దీ ఒక్కొక్క ఉత్తరం బయటికొస్తుంది, తడిసి సిరా పోయి ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు నల్ల బట్టల్లో, పొడవాటి కోట్లలో, ఎంత బాగున్నారో. మంచు చుట్టూ నిలబడి అందరూ పాత ఉత్తరాల గురించి మాట్లాడుకున్నారు. మా మావయ్య ఇప్పటికీ ఉత్తరాలు రాస్తాడని చెప్తే నా చుట్టూ చేరిపోయారు. ఇక్కడ మావయ్య అనే చెప్పాను.

అన్నట్టు హైదరాబాదులో మన ప్రదర్శన ఆదివారంతో ముగిసింది. సోమవారమే గోడకి తెల్లరంగు వేసేశారని దిలీప్‌గారు మెసేజ్ పెట్టారు. చివరిరోజు నేను అక్కడ లేకపోయానని బాధగా ఉంది. ఫోటోలు బాగా తీశారు, వెళ్లగానే పెద్దవి వేయించి నీకు పంపుతాను. అత్తకి కూడా చూపిద్దువు గాని.

నీ ఉత్తరమేదైనా వస్తే గ్యాలరీలో దాచిపెట్టమన్నాను.

నీ సంధ్య


చోడవరం,
14 ఏప్రిల్ 2024.

అమ్మా సంధ్యా,

నీ బెంగళూరు ఉత్తరం మేము తిరిగొచ్చాక అందింది. అంతకు ముందే, ఐదో తారీకు శుక్రవారం నాడు, మేము మీ గ్యాలరీకి వెళ్లాం.

మీ అత్త కొత్త చీర కట్టుకుంది. తల దువ్వుకుని, స్టేషనులోనే మొహం కడుక్కుని బొట్టు పెట్టుకుంది. గేటు దగ్గర సత్యారావు నన్ను చూసి నమస్కారం పెట్టాడు గాని మొహం అదోలా అయింది. "లోపల కాళీ బాబూ, కొత్త బొమ్మలు రేపొస్తాయి" అన్నాడు. మీ అత్తకి అర్థం కాలేదు. నేను ముందు నడిచాను.

గోడ తెల్లగా ఉంది. హాలంతా తెల్లగా ఉంది. రంగు వాసన ఇంకా పోలేదు.

మీ అత్త నా వెనకే వచ్చి నిలబడింది. అటూ ఇటూ చూసింది. "ఏదండీ" అంది.

నా సంచిలో పలక ఉంది. తియ్యలేకపోయాను. రెండేళ్లలో మొదటిసారి నోరు తెరిచి అరవబోయాను సంధ్యా. మెడలోంచి గాలి వచ్చింది, అంతే. సత్యారావే చెప్పాడు. "ఈ గోడేనమ్మా. నెలాకరయ్యింది గదా, ఎవరు రాసినా నెలాకరికి తెల్లగా కొట్టేస్తారు. ఆ మూలదాకా సదివింది నానొక్కణ్ణే. సిన్నారి బొమ్మల కొట్టు అని ఉండేది."

వాడు తెలియక ఆ పేరు పైకి అన్నాడు. మీ అత్త ముందు ఇరవై ఏళ్లుగా ఎవరూ అననిది. నేను ఆవిడ మొహం చూడలేదు, కాళ్లు చూశాను. కదల్లేదు.

కాసేపటికి, "ఎక్కడుండేదో సూపించండి" అంది. కుడివైపు మూలకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని అరచెయ్యి పెట్టి చూపించాను. వచ్చి నా పక్కన చతికిలబడింది. తనూ చెయ్యి పెట్టింది. సత్యారావు మంచినీళ్ల సీసా తెచ్చిచ్చాడు. నేను తాగలేదు. వేలు తడిపి, ఆ చోటే, ఆ కొలతే, రాశాను. తెల్లరంగు తడిస్తే కొంచెం బూడిదరంగు తిరుగుతుంది. అక్షరాలు కనబడ్డాయి. మీ అత్త చదువుకున్నది ఐదో తరగతి. కూడబలుక్కుని చదివింది. చి, న్నా, రి. చదవడం పూర్తయ్యేసరికి మొదటి అక్షరం ఆరిపోయింది. మళ్లీ రాయబోతే నా చెయ్యి పట్టుకుంది. "సాల్లెండి" అంది.

చాలాసేపు అక్కడే కూర్చున్నాం. నీకు ఫోను చేస్తానని సత్యారావు అంటే మీ అత్తే వద్దంది. "ఆ గుంటకి సెప్పకు బాబూ, సదువుకోడానికెల్లింది" అంది. నేను చెప్తున్నాను, ఎందుకంటే దాచి నీకు ఉత్తరం రాయడం నాకు చేత కాదు.

నీ జనవరి ఉత్తరం తీసి మళ్లీ చదివాను. నీ గోడ మాత్రం ఉంటుంది అన్నావు. ఎన్నాళ్లుంటుందో నేను అడగలేదు. నలభై ఏళ్లలో నేనే ఎన్ని గోడలకి సున్నం కొట్టించి దానిమీద కొత్తవి రాశానో. నాకు తెలియని విషయమా? అయినా చదవాలనుకున్నట్టే చదువుకున్నాను. తప్పు నీది కాదు. కానీ నీకంత దగ్గరి మనిషినై ఉంటే, ఫలానా రోజుతో పోతుంది మావయ్యా అని ఒక్క ముక్క రాసేదానివనిపించింది. మాస్టారుకైతే రాయనక్కర్లేదు.

ఫోటోలు పంపకు.

రమణమూర్తి


హైదరాబాదు,
24 ఏప్రిల్ 2024.

మావయ్యా,

నీ ఉత్తరాలు రెండూ నిన్న ఒకేసారి చేతికొచ్చాయి. మార్చిది నా బల్ల సొరుగులో ఉంది. నేను పెట్టమన్నచోటే పెట్టారు. అది సమయానికి చూసి ఉంటే గోడకి నేనే అడ్డం నిలబడేదాన్ని.

ప్రదర్శన అయిపోతే గోడ తెల్లగా అయిపోతుందని మాకు అందరికీ తెలుసు. ఎంత తెలుసంటే, తెలియనివాళ్లు ఉంటారని కూడా తోచదు. గోడ ఉంటుందని రాసి నీకు తోచకుండా నేనే చేశాను. చిన్నారి పేరు చూశాకయినా రాయాల్సింది. అప్పుడు నాకు బెంగళూరు తలకెక్కింది.

మాస్టారు అన్నది సిగ్గుపడి కాదు. మా గ్యాలరీలో చుట్టాలకి పని ఇప్పించకూడదు. నువ్వు మా మావయ్యవని తెలిస్తే నీ అక్షరాల్ని కాదు, నా చుట్టరికాన్ని చూస్తారని భయపడ్డాను. కండువా కూడా నువ్వనుకున్నది కాదు. ఆ నలుపు మీద నీ తెల్ల జుట్టు బాగుంటుందని కొన్నాను. చిల్లు నాకు గుర్తే రాలేదు. నువ్వు దాన్ని అంత గట్టిగా ఎందుకు చుట్టుకున్నావో ఆరోజు అర్థం కాలేదు. ఈ రెండూ నువ్వు జనవరిలో రాశావు. వాటికి అప్పుడే జవాబు రాయాల్సింది. చిన్నారి గురించి చదివాక మిగతావి చిన్నవిగా కనిపించి వదిలేశాను.

నిన్న దిలీప్‌గారికి అంతా చెప్పేశాను, చుట్టరికంతో సహా. ఆయన స్నేహితుడు కొత్తగా కాఫీ కొట్టు పెడుతున్నాడట. అందులో లోపలి గోడ నీకిస్తాడట. అది ఎవరూ చెరపరు, రాసి ఇస్తామంటున్నారు. నువ్వూ అత్తా రండి. నేను పక్కనే ఉండి రంగులు కలుపుతాను.

అత్తకి ఏం చెప్పాలో నాకు తెలీడం లేదు. నన్ను చూడలేక పంపేసిన అత్త, నా చదువు పాడవకూడదని ఫోను చెయ్యనివ్వలేదు. ఆ వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను.

సంధ్య


హైదరాబాదు,
8 మే 2024.

మావయ్యా,

నువ్వు జవాబు రాయలేదు. అమ్మని అడిగితే ఇద్దరూ కులాసాగానే ఉన్నారంది. తప్పంతా నాదే. ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

సంధ్య


చోడవరం,
19 మే 2024.

అమ్మా సంధ్యా,

కోపం లేదు. చెయ్యి రాలేదు, అంతే.

కాఫీ కొట్టు గోడ వద్దని చెప్పు. వాళ్లు మంచివాళ్లే. కానీ అక్కడ రాస్తే అది వేరే గోడ. ఆ పేరు ఒకసారి రాయగలిగాను. రెండోసారి కొలతలు తీసుకుని, దారం కొట్టి, నలుగురూ కాఫీ తాగుతూ చూస్తుంటే రాయలేను. ఇంట్లో అరుగు మీదే రాయమని మీ అత్త అంటుందేమోనని భయపడ్డాను. అనలేదు.

ఇంట్లో మాటలు మొదలయ్యాయి. చిన్న చిన్నవి. మొన్న సందు చివర ఎవరి పిల్లో గాజులు కొనమని ఏడుస్తుంటే, "మన సిన్నారి ఇలా ఏడ్సేది కాదు, అలిగేది" అంది. నేను పలక మీద, నీ మీద అలిగేదా నా మీదా అని రాశాను. "మీ మీదే. బోర్డు రాయలేదని, మీరొచ్చినా మాటాడనని మూడ్రోజులు అలిగి కూసుంది గదా" అంది. అది నాకు తెలీదు సంధ్యా. నేను ఊళ్లో లేను. నా మీద అలిగే అది వెళ్లిపోయిందని ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పుడు తెలిసింది. పలక పక్కన పెట్టేశాను. మీ అత్త చూసి, "అలక తీరిపోయిందిలెండి, జొరంలో నాన్నా నాన్నా అనే అంది" అంది. నిజంగా అందో, నాకోసం అందో అడగలేదు.

మాస్టారు సంగతి, కండువా సంగతి అర్థమయ్యాయి. కండువా ఇప్పుడు వదులుగానే చుట్టుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం రాయాలి. నీ ఆఖరి రెండు ఉత్తరాల్లో బొమ్మలు లేవు, రంగుల్లేవు, మనుషులు కట్టుకున్న బట్టల్లేవు. తప్పు నాది, తప్పు నాది అన్నది తప్ప ఇంకేమీ లేదు. అలాంటివి నాకు వద్దు. నువ్వు ఆదివారాలు గ్యాలరీలకి వెళ్లడం మానేశావని మీ అమ్మ చెప్పింది. మానకు. మా ఇంట్లో ఆ పట్నాన్ని చూసేది నీ కళ్లతోనే.

మీ అత్త రోజూ పోస్టు కోసం నాకంటే ముందు వాకిట్లోకి వెళ్తోంది. ఉత్తరం విప్పగానే అడిగేది ఒకటే ప్రశ్న. నీ రెండు ఉత్తరాల్లోనూ దానికి జవాబు లేదు. నిన్న మళ్లీ అడిగింది. "మన పిల్ల పేరు మీద తెల్లరంగేసేరు గదా, దాని మీద ఇప్పుడు ఏటి పెట్టేరంట?"

వెళ్లి చూసి రాయి. మూలదాకా చూసి రాయి.

మీ మావయ్య